110 అంతస్తుల మెట్లెక్కడం నివాళి అవుతుందా?

ప్రశ్న అడిగినవారు: కొండగాలి (డెన్వర్ దగ్గర)

అందరికీ నమస్కారం. మా పక్కింటాయన అగ్నిమాపక శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. ఏటా సెప్టెంబరులో ఆయన రెడ్ రాక్స్ అనే ఆరుబయటి రంగస్థలానికి వెళ్ళి, 2001 సెప్టెంబరు 11న ప్రాణాలు కోల్పోయిన న్యూయార్క్ అగ్నిమాపక శాఖవారు 343 మంది జ్ఞాపకార్థం జరిగే మెట్లెక్కే కార్యక్రమంలో పాల్గొంటారు. రెండు పెద్ద ఎర్రబండల నడుమ కట్టిన ఆ మెట్ల వరుసలను తొమ్మిది చుట్లు తిరిగితే, ఆ రోజు విమాన దాడుల్లో కూలిపోయిన వరల్డ్ ట్రేడ్ సెంటరు టవరులోని 110 అంతస్తులూ ఎక్కినట్టు లెక్క. ఈ ఏడు నన్ను కూడా రమ్మని పిలిచారు. వెంటనే సరేననలేకపోయాను, వద్దని కూడా చెప్పలేకపోయాను.

మనవైపు పోయినవారిని తలుచుకునే తీరు వేరు. పటానికి దండ వేస్తాం, దీపం పెడతాం, వారి పేరు మీద నలుగురికి అన్నం పెడతాం, సభ అయితే రెండు నిమిషాలు మౌనంగా నిలబడతాం. నివాళి దగ్గర నెమ్మదిగా, నిశ్శబ్దంగా ఉండడమే మర్యాదని నేర్చుకుని పెరిగినవాణ్ణి నేను. పోయిన ఏడాది ఊరికే చూసి వద్దామని ఆయన వెంట వెళ్ళాను. ఒంటి నిండా మందపాటి అగ్నిమాపక దుస్తులతో, వీపున గాలి సిలిండరుతో ఒకాయన ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ, గడ్డం మీంచి చెమట ధార కడుతుంటే తుడుచుకోకుండా పోతుండడం చూసి నా కళ్ళు చెమ్మగిల్లాయి. అదే మెట్ల మీద ఇంకొందరు చేతి గడియారంలో నిమిషాలు చూసుకుంటూ, పక్కవాళ్ళను దాటుకుంటూ పరుగులు తీస్తుంటే మనసు కలుక్కుమంది.

నాకు తేలని సంగతి ఇది. పోయినవారు చేసిన సేవను మన ఒంటి కష్టంతో గౌరవించడం అన్నది నిజంగా అర్థమున్న పనేనా, లేక ఆ కార్యక్రమానికి కట్టే డబ్బూ ఆ పూటా వారి కుటుంబాలకు ఉపయోగపడే పని మీద పెట్టడం మేలా? నాకు 46 ఏళ్ళు, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం, కుడి మోకాలు అప్పుడప్పుడు పట్టేస్తుంది. మా అమ్మతో ఫోనులో ఈ మాట చెబితే, "తిరుమల మెట్లెక్కినట్టే కదా నాన్నా, వెళ్ళు" అంది. నా చిన్నతనంలో అలిపిరి దారిలో మెట్టు మెట్టుకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతూ ఎక్కిన మనిషి ఆమె. మొక్కుకూ దీనికీ పోలిక కుదురుతుందా అన్నది కూడా నాకు సందేహమే. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.


సమాధానం: ఏటి ఒడ్డు (న్యూజెర్సీ)

కొండగాలి గారూ, మీ అమ్మగారి పోలిక కుదురుతుందనే నేను అంటాను. ఎందుకు కుదురుతుందో చెప్పాలంటే ముందు ఆ రోజు ఆ మెట్ల మీద ఏం జరిగిందో చెప్పాలి. ఆ సంవత్సరం నేను జెర్సీ సిటీలో పనిచేస్తున్నాను. నది అవతల లేచిన పొగను మా ఆఫీసు కిటికీలోంచి చూసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఉదయం 8:46కు ఉత్తరపు టవరును 93, 99 అంతస్తుల మధ్య మొదటి విమానం గుద్దుకుంది. లిఫ్టులు చాలా వరకు పనిచేయకుండా పోయాయి. అంటే పైన చిక్కుకున్నవారిని చేరాలంటే మెట్లే దిక్కు. ఇరుకైన ఆ మెట్ల దారిలో ఒక పక్కన వేలమంది కిందికి దిగుతుంటే, రెండో పక్కన అగ్నిమాపక సిబ్బంది దుస్తులు, గాలి సిలిండరు, గొట్టాలు, గొడ్డళ్ళు కలిపి సుమారు 27 కిలోలు మోసుకుంటూ పైకి ఎక్కారు. కొన్ని అంతస్తులకొకసారి ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎక్కారు. దిగేవారు గోడకు ఒత్తుకుని వారికి దారి ఇచ్చారని, కొందరు తమ చేతుల్లోని నీళ్ళ సీసాలు వారికి అందించారని, బతికి బయటపడినవారు తర్వాత చెప్పారు. పైకి పోతున్న ఆ ముఖాలను వాళ్ళు ఈనాటికీ మరచిపోలేదు.

దక్షిణపు టవరులో ఓరియో పామర్ అనే అధికారి ఉన్నారు. బెటాలియన్ చీఫ్, మారథాన్ పరుగులు తీసిన మనిషి. పనిచేసే స్థితిలో ఉన్న ఒక లిఫ్టును పట్టుకుని 40వ అంతస్తు దాకా వెళ్ళి, అక్కడి నుంచి కాలినడకన 78వ అంతస్తుకు ఎక్కారు. ఆ టవరును విమానం తాకింది 77, 85 అంతస్తుల మధ్య. అంటే ఆయన సరిగ్గా మంటల దగ్గరకే చేరారు. 9:52కు రేడియోలో ఆయన మాట వినిపించింది. విడివిడిగా రెండు చోట్ల మంటలు ఉన్నాయని, రెండు గొట్టాలతో వాటిని ఆర్పవచ్చని చెప్పారు. 9:59కు ఆ టవరు కూలిపోయింది. ఆ రేడియో సంభాషణ రికార్డు తర్వాత బయటపెట్టినప్పుడు విన్నాను. 38 అంతస్తులు ఎక్కిన మనిషి గొంతులో ఆయాసం ఉంది, కంగారు లేదు. ఆ నిబ్బరం ఏళ్ళ తరబడి ఒంటిని సిద్ధం చేసుకుంటే తప్ప వచ్చేది కాదు.

స్టీఫెన్ సిల్లర్ అని ఇంకొకరు. ఆ ఉదయానికి ఆయన డ్యూటీ ముగిసింది. సోదరులతో గోల్ఫ్ ఆడడానికి బయలుదేరి, వార్త విని వెనక్కి తిరిగారు. బ్రూక్లిన్ నుంచి టవర్లున్న మన్‌హట్టన్‌కు వెళ్ళే సొరంగ మార్గాన్ని అప్పటికే మూసేశారు. బండి అక్కడే వదిలి, తన సామగ్రి భుజాన వేసుకుని, దాదాపు 2.8 కిలోమీటర్ల ఆ సొరంగంలో పరుగెత్తుకుంటూ వెళ్ళి, తిరిగి రాలేదు. వయసు 34, అయిదుగురు పిల్లల తండ్రి. మరుసటి ఏడాది, అంటే 2002 నుంచి, ఆయన కుటుంబం అదే సొరంగం గుండా జనాన్ని పరుగెత్తిస్తోంది. నేను రెండుసార్లు ఆ పరుగులో పాల్గొన్నాను. సొరంగం నడుమకు వచ్చేసరికి గాలి ఆడదు, వెనకా ముందూ వెలుతురు కనిపించదు. చేతిలో నీళ్ళ సీసా తప్ప ఏ బరువూ లేని నాకే అక్కడ కాళ్ళు తడబడ్డాయి. అప్పటిదాకా "27 కిలోలు" అన్నది నాకు చదివిన అంకె మాత్రమే.

మీరు చూసిన మెట్ల కార్యక్రమం కూడా మీ డెన్వర్‌లోనే పుట్టింది. 2005లో కొలరాడోకు చెందిన అయిదుగురు అగ్నిమాపక సిబ్బంది మొదలుపెట్టారు. తర్వాత దేశమంతా పాకింది. దాని గుండెకాయ మెట్లెక్కడం ఒక్కటే కాదని నా నమ్మకం. పాల్గొనే ప్రతి ఒక్కరి మెడలో ఆ 343 మందిలో ఒకరి పేరూ ఫోటోతో ఉన్న కార్డు వేలాడుతుంది. చివరి మెట్టు ఎక్కాక ఆ పేరును పైకి చదివి గంట కొట్టాలి. ఆ రోజు ఆయన ఎక్కడం మధ్యలో ఆగిపోయింది కాబట్టి, మిగిలిన మెట్లు ఆయన పేరున మరొకరు ఎక్కుతున్నారన్నమాట. ఇక మీ అమ్మగారి పసుపు కుంకుమల సంగతి. పరుగున ఎక్కిపోతే మెట్టు కాలికి తగులుతుందే గానీ కంటికి ఆనదు. బొట్టు పెట్టాలంటే ఒక్కొక్క మెట్టు దగ్గరా వంగాలి, చూడాలి, తాకాలి. మెడలోని కార్డు చేసే పని కూడా అదే. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లున్నాయి, 110 అంతస్తులంటే సుమారు 2,200. అంకెలు ఇంత దగ్గరగా ఉండడం యాదృచ్ఛికమే అయినా, మీ అమ్మగారికి ఈ మాట చెప్పండి.

డబ్బు సంగతి కూడా అడిగారు. ఆ రెండింటి మధ్య ఎంచుకోవలసిన అవసరమే లేదు. విధి నిర్వహణలో మరణించిన అగ్నిమాపక సిబ్బంది కోసం అమెరికా కాంగ్రెసు 1992లో ఏర్పాటు చేసిన జాతీయ సంస్థ ఒకటుంది. ఈ కార్యక్రమాల రుసుములూ విరాళాలూ దాని ద్వారా ఆ కుటుంబాల సహాయానికి వెళతాయి. ఇంకొక్క మాట. శిథిలాల దుమ్ము పీల్చి, తర్వాతి ఏళ్ళలో జబ్బుపడి చనిపోయిన న్యూయార్క్ అగ్నిమాపక సిబ్బంది సంఖ్య 2023 సెప్టెంబరు నాటికి 343కు చేరింది. ఆ ఒక్క రోజున పోయినంతమంది, ఆ రోజు కారణంగానే, మంచాల మీద పోయారు. వారి కార్డులు ఎవరి మెడలో ఉండాలన్నది నన్ను వేధించే ప్రశ్న.


సమాధానం: దండీబస్కీ (హైదరాబాద్)

మీ మనసు కలుక్కుమన్నదని రాశారు చూడండి, ఆ గడియారం చూసుకునే గుంపులో నేనూ ఉన్నవాణ్ణే. అందుకని రాస్తున్నాను.

ఏడేళ్ళ కిందట ఇక్కడ ఒక జిమ్ములో చేరాను. మే నెలాఖరున ఒక ఉదయం గోడమీది పలక మీద "మర్ఫ్" అని రాసి ఉంది. కింద వరస ఇది: ఒక మైలు పరుగు, 100 పుల్-అప్‌లు, 200 దండీలు, 300 బస్కీలు, మళ్ళీ ఒక మైలు పరుగు. చేయగలిగినవారు 9 కిలోల బరువున్న చొక్కా తొడుక్కుని చేయాలి. అదేదో కసరత్తు పేరనుకున్నాను. గంటా పది నిమిషాల్లో ముగించి, నా సమయాన్ని పలక మీద పెద్ద అక్షరాలతో రాసి, ఫోటో తీసి నలుగురికీ పంపాను. మర్ఫ్ అంటే ఏమిటని మా మేనల్లుడు అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మాకు నేర్పించినాయన్ను అడిగితే ఆయనకూ తెలియదు.

ఆ రాత్రి కూర్చుని చదివాను. మైఖేల్ మర్ఫీ అమెరికా నౌకాదళపు ప్రత్యేక దళమైన నేవీ సీల్స్‌లో లెఫ్టినెంట్. 2005 జూన్ 28న అఫ్గానిస్థాన్‌లోని కునార్ కొండల్లో ఆయన నాయకత్వంలోని నలుగురి జట్టును శత్రువులు చుట్టుముట్టారు. బండల చాటున ఉంటే ఫోనుకు సంకేతం అందడం లేదు. సహాయం కోసం పిలవాలంటే ఎవరో ఒకరు గుళ్ళకు ఎదురుగా ఖాళీ చోటుకు రావాలి. ఆయనే వచ్చారు. మాట్లాడుతుండగా వీపున గుండు తగిలి పరికరం చేజారితే, దాన్ని మళ్ళీ తీసుకుని ఆ మాట పూర్తిచేశారు. అక్కడే మరణించారు. వయసు 29. అమెరికా ఇచ్చే అత్యున్నత సైనిక పురస్కారం 2007లో ఆయన తల్లిదండ్రుల చేతికి అందింది. ఆ కసరత్తు ఆయన తనకు ఇష్టమై చేసుకునేది. ఆయన పోయాకే దానికి ఆయన పేరు పెట్టారు. ఇంకో సంగతి కూడా తెలిసింది. న్యూయార్క్‌లోని ఒక అగ్నిమాపక కేంద్రం చిహ్నాన్ని ఆయన తన సైనిక దుస్తుల మీద ధరించేవారు. మీరు ఎక్కబోయే మెట్లకూ ఈ కసరత్తుకూ ఆ చిన్న గుడ్డముక్క బంధం కలిపింది.

ఆ ఫోటో చెరిపేశాను. మరుసటి ఏడు నుంచి, మొదలుపెట్టే ముందు ఆయన కథను తెలుగులో ఒక పేజీ రాసుకుని వెళ్ళి అందరికీ చదివి వినిపిస్తున్నాను. పలక మీద సమయాలు రాయడం మానిపించాను. కొందరు అలిగారు, ఇద్దరు రావడం మానేశారు. అయినా సరే. పోటీ పడాలంటే ఏడాదిలో మిగిలిన రోజులన్నీ ఉన్నాయి. పోయినవారి పేరు పెట్టుకున్న రోజున గెలుపోటములు పెట్టుకోవడం నాకు తప్పుగానే తోస్తుంది. ఈ విషయంలో నాతో ఏకీభవించని స్నేహితులున్నారు, మర్ఫీ ఉంటే తానూ గడియారం పెట్టుకునేవాడని వాదిస్తారు. ఆయన పెట్టుకోవచ్చు, అది ఆయన కసరత్తు.

కొండగాలి గారూ, వెళ్ళండి. మీ కార్డు మీద ఎవరి పేరుంటుందో ముందుగా తెలుసుకుని, ఆయన గురించి దొరికినంత చదివి వెళ్ళండి.


సమాధానం: ఎర్రబండి (రాజమహేంద్రవరం)

నేను అగ్నిమాపక శాఖలో లీడింగ్ ఫైర్‌మ్యాన్‌గా పనిచేసి విరమణ పొందినవాణ్ణి. న్యూయార్క్ సంగతులు పైవారు చక్కగా రాశారు. మన దేశానికి చెందిన రోజు ఒకటుందని గుర్తుచేయడానికి రాస్తున్నాను.

1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టైకిన్ అనే ఓడకు నిప్పంటుకుంది. అందులో ఒకే చోట పత్తి బేళ్ళూ, సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రీ ఉన్నాయి. లోపల ఏముందో తెలిసి కూడా, అగ్నిమాపక సిబ్బంది ఓడను వదలకుండా నీళ్ళు కొడుతూనే ఉన్నారు. సాయంత్రం నాలుగు దాటాక ఓడ పేలిపోయింది. మా శాఖవారు 66 మంది పోయారు. దేశమంతటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరిపేది వారి జ్ఞాపకంగానే. ఆ వారంలో మేము బడుల దగ్గర, ఆసుపత్రుల దగ్గర నిచ్చెన డ్రిల్లు, హోసు (నీళ్ళ గొట్టం) డ్రిల్లు చేసి చూపించేవాళ్ళం. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లు మాకు ఎన్నడూ తప్పనిపించలేదు. నిచ్చెన మీద మనిషిని భుజాన వేసుకుని దిగడం చూసిన పిల్లవాడు, ప్రసంగం విన్న పిల్లవాడికన్నా మా పనిని బాగా గుర్తుపెట్టుకుంటాడు.

ఒంటి కష్టం గురించి అడిగారు కాబట్టి ఒక్క అనుభవం చెబుతాను. ఒక అయిదంతస్తుల అపార్టుమెంటులో రాత్రి రెండింటికి మంటలు లేచాయి. లిఫ్టు వాడకూడదు. హోసు చుట్ట భుజాన వేసుకుని పొగలో గోడను తడుముకుంటూ ఎక్కుతున్నాం. మూడో అంతస్తు మలుపులో నా ముందున్నవాడు పడిపోయాడు. ఒక చెప్పుల స్టాండు, దానికి ఆనించిన పిల్లల సైకిలు, పక్కన రెండు సిమెంటు బస్తాలు. అతని చీలమండ మెలిపడింది. అతన్ని కిందికి పంపి, ఆ సామాను చీకట్లో చేతులతో పక్కకు లాగి, మళ్ళీ ఎక్కేసరికి పోయిన నిమిషాలు ఎన్నో నాకు తెలియదు గానీ, పైన కిటికీ దగ్గర దగ్గుతున్న ముసలాయన గొంతు ఆ సమయమంతా వినిపిస్తూనే ఉంది. ఆయన్ను క్షేమంగా దించగలిగాం. ఆ సైకిలు గంట నా కాలికి తగిలి మోగిన చప్పుడు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

అందుకని నా మనవి ఇది. మీరు 110 అంతస్తులు ఎక్కండి, సంతోషం. ఎక్కి వచ్చాక, మీవాళ్ళు ఇక్కడ ఉంటున్న అపార్టుమెంటు మెట్ల మీద ఏమేం పెట్టారో అడిగి తీయించండి. మెట్లు ఖాళీగా ఉంటే చాలు, ఎక్కే పని మా వాళ్ళు చూసుకుంటారు.


సమాధానం: మోకాలిచిప్ప (గుంటూరు)

వృత్తిరీత్యా ఫిజియోథెరపిస్టును, శరీరం సంగతి మాత్రమే చెబుతాను. ఎక్కేటప్పుడు భారమంతా తొడలూ గుండే మోస్తాయి. మోకాలిని బాధపెట్టేది ఎక్కువగా దిగడం. ఎత్తైన భవనాల్లో జరిగే కార్యక్రమాల్లో లిఫ్టులో దిగే వీలుండవచ్చు, రెడ్ రాక్స్‌లో ప్రతి చుట్టుకూ మీరే దిగాలి. పైగా అది 6,400 అడుగుల ఎత్తున ఉంది. పది, పన్నెండు వారాల ముందు నుంచి వారానికి మూడుసార్లు సాధన చేయండి. మొదట ఏ బరువూ వద్దు. పాదమంతా మెట్టు మీద ఆనించండి, దిగేటప్పుడు నెమ్మదిగా, కమ్మీ అందుబాటులో ఉండేలా దిగండి. మొదటి నెలలో మోకాలు వాచితే ఆపి డాక్టరుకు చూపించండి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే ఆ క్షణమే కూర్చోవాలి.

పైన చెప్పిన మర్ఫ్ గురించి కూడా ఒక హెచ్చరిక. అలవాటు లేనివారు ఒక్కసారిగా అన్ని పుల్-అప్‌లు చేస్తే కండరం చితికి, దానిలోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే ఇంట్లో ఉండకూడదు, ఆసుపత్రికి వెళ్ళాలి.

అమెరికాలో చాలాచోట్ల అగ్నిమాపక ఉద్యోగానికి వచ్చినవారికి పెట్టే పరీక్షలో మొదటి అంశమే మెట్ల యంత్రం. 34 కిలోల బరువుతో నిమిషానికి 60 మెట్ల చొప్పున మూడు నిమిషాలు ఎక్కాలి. అంత గట్టి మనుషుల్లోనూ, విధి నిర్వహణలో జరిగే మరణాల్లో పెద్ద వాటా గుండె ఆగిపోవడం వల్ల వచ్చేదే. వారి పేరున ఎక్కేవారు తమ గుండెను పరీక్ష చేయించుకుని ఎక్కడం ఎంతైనా అవసరం.


అడిగినవారి మాట: కొండగాలి

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. వెళ్ళి వచ్చాను. బరువు లేకుండా, గడియారం లేకుండా తొమ్మిది చుట్లూ పూర్తిచేశాను. ఆరో చుట్టులో మోకాలు పట్టేస్తే మా పక్కింటాయన నాతోపాటు పది నిమిషాలు కూర్చున్నారు. ఆయనకు 68 ఏళ్ళు, ఆయన కూర్చోవలసిన అవసరం లేదు.

దండీబస్కీ గారు చెప్పినట్టు కార్డు మీది పేరును ముందే అడిగి తెలుసుకుని, ఆయన గురించి చదివాను. అసలు భయం మెట్ల గురించి కాదు, ఆ పేరు పలకడం గురించి. ఇటలీ నుంచి వచ్చిన ఇంటిపేరు, నా నోట్లో ప్రతిసారీ ఒక అక్షరం జారిపోతోంది. గంట దగ్గర తప్పు పలికితే ఆ కుటుంబంవారు ఎవరైనా వింటారేమోనని బెంగ పట్టుకుంది. మూడు సాయంత్రాలు పక్కింటాయన తన వరండాలో నన్ను కూర్చోబెట్టి ఆ పేరును ముక్కలుగా విడగొట్టి పలికించారు. ఆ రోజు గంట తాడు పట్టుకున్నప్పుడు చెయ్యి వణికింది గానీ, పేరు సరిగ్గానే వచ్చింది.

ఎర్రబండి గారూ, మీ మాట అమ్మకు చదివి వినిపించాను. మా విజయవాడ ఇంట్లో రెండో అంతస్తు మెట్ల మలుపులో ఉన్న పూలకుండీలు ఆమెవేనట. పనమ్మాయి సాయంతో మేడ మీదికి చేర్పించానని మర్నాడు ఫోను చేసి చెప్పింది. తర్వాత, నా కార్డు మీది ఆయన పేరేమిటని అడిగింది. చెప్పాను. ఎలా పలకాలో మళ్ళీ అడిగి, రెండుసార్లు తానే పైకి అని చూసుకుంది.